పరుపు పక్క సొరుగులో పిస్టల్

పిల్లల డాక్టరుతో ప్రశ్నలు, జవాబులు

ఈత కొలనుల గురించి రాసిన సంచికలో, "ఇంట్లో గన్ ఉన్నవాళ్లు కూడా నాకు రాయండి, పేర్లు వెయ్యం" అని చివర్లో ఒక మాట కలిపాను. నా క్లినిక్‌కి ఏటా చెకప్‌కి వచ్చే ప్రతి కుటుంబాన్నీ కారు సీటు గురించి, సైకిల్ హెల్మెట్ గురించి అడిగినట్టే గన్ గురించీ అడుగుతాను. తెలుగువాళ్లయితే తల్లి "అబ్బే, మాకెందుకండీ" అంటుంది. తండ్రి మాత్రం గోడ మీద ఎత్తు కొలిచే జిరాఫీ బొమ్మను తదేకంగా చూస్తుంటాడు. నాకు సంగతి అర్థమైపోతుంది. ఆ తల్లులూ తండ్రులూ ఈసారి కాగితం మీద నోరు విప్పారు. కొన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: డాక్టరుగారూ, మాది టెక్సాస్‌లో ఫ్రిస్కో. ఈమధ్య మా వీధిలో రెండిళ్లల్లో బంగారం పోయింది. అప్పటినుంచి మావారికి కంటిమీద కునుకు లేదు. పోయిన నెల పిస్టల్ కొన్నారు (మాకు గ్రీన్ కార్డు ఉంది). రాత్రిపూట పరుపు పక్క సొరుగులో పెడతారు. పగలు క్లోజెట్‌లో పై అరలో, నా పట్టుచీరల వెనక. మాకు ఆరేళ్ల బాబు, మూడేళ్ల పాప. తాళం వెయ్యమంటే, దొంగ వచ్చినప్పుడు తాళంచెవి వెతుక్కుంటూ కూర్చోవాలా అంటారు. బాబుకి గట్టిగా చెప్పాను, ముట్టుకోడు అంటారు. నాకు మాత్రం ఒకటే టెన్షన్.
— ఒక తల్లి, ఫ్రిస్కో

జవాబు: చూడమ్మా, ముందు మీవారి భయం సంగతి. అది ఉత్తి భయమని నేననను. మన ఇళ్లల్లో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకి బాగా తెలుసు. ఇండియన్ల ఇళ్లనే ఎంచుకుని దోచిన ముఠాల గురించి పోలీసులే చాలా ఊళ్లల్లో హెచ్చరించారు. కానీ ఆ దొంగ సాధారణంగా ఎప్పుడొస్తాడు? మీరంతా గుడికో పెళ్లికో వెళ్లినప్పుడు. వచ్చి ముందు ఎక్కడ వెతుకుతాడు? మాస్టర్ బెడ్రూం క్లోజెట్‌లో, పట్టుచీరల వెనక! నగలతోపాటు పిస్టల్ కూడా పట్టుకుపోతాడు. కాబట్టి నగలు బ్యాంకు లాకర్లో పెట్టించండి, అలారం పెట్టించండి. మీవారి నిద్ర సగం అక్కడే తిరిగొస్తుంది.

ఇక "చెప్పాను, ముట్టుకోడు" అన్న మాట. ఈ మాట నేను విన్నంతగా ఇంకెవరూ విని ఉండరు. అట్లాంటాలో కొందరు డాక్టర్లు దీన్నే పరీక్షించి 2001లో ప్రచురించారు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మగపిల్లల్ని ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో వదిలి, ఒకవైపు నుంచే కనిపించే అద్దంలోంచి పదిహేను నిమిషాలు చూశారు. సొరుగుల్లో రెండు నీళ్ల తుపాకులు, తూటా లేని అసలు పిస్టల్ ఒకటి దాచారు. ట్రిగ్గర్‌ను పేలేంత గట్టిగా నొక్కితే ఇవతల లైటు వెలిగే ఏర్పాటు చేశారు. మొత్తం 29 జట్లు. 21 జట్లకి పిస్టల్ దొరికింది. వాటిలో 16 జట్లు దాన్ని చేతిలోకి తీసుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. అలా ముట్టుకున్నవాళ్లలో, నొక్కినవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా గన్ జాగ్రత్తల పాఠం అంతకుముందే విన్నవాళ్లు! పిల్లలు చెడ్డవాళ్లని కాదు. ఆ వయసు అంతే. ఇంకో పిల్లాడు పక్కనుంటే మరీను.

దాచడం సంగతి చూద్దాం. సున్నుండల డబ్బా అటక మీద ఎక్కడ పెట్టినా మీరు చిన్నప్పుడు కనిపెట్టారా లేదా? వీళ్లూ కనిపెడతారు. అలబామాలో గన్ ఉన్న ఇళ్ల తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ విడివిడిగా అడిగి 2006లో ఒక పరిశోధన వెలువరించారు. "గన్ ఎక్కడుందో మా వాడికి తెలియదు" అన్న తల్లిదండ్రుల్లో 39 శాతం మంది పిల్లలు, మాకు తెలుసని చెప్పారు. మీ బాబుని మాత్రం ఇప్పుడు అడిగి పరీక్షించకండి. తెలియకపోతే వెతకడం మొదలుపెడతాడు.

మూడేళ్ల పాపకి వేళ్లల్లో అంత బలం ఎక్కడిది అంటారేమో. చిన్నపిల్లలు సినిమాల్లోలాగా చూపుడువేలితో నొక్కరమ్మా. పిస్టల్‌ని తిప్పి పట్టుకుని, గొట్టం తమ ముఖం వైపే ఉండగా, రెండు బొటనవేళ్లతో కలిపి నొక్కుతారు. దానికి ఆ బలం చాలు.

ఇప్పుడు మీవారి అసలు ప్రశ్నకి వస్తాను. దొంగొస్తే టైమెక్కడిది? దానికోసమే క్విక్ యాక్సెస్ లాక్‌బాక్స్‌లు అమ్ముతున్నారు. అడుగు పొడవుండే ఉక్కు పెట్టె, పైన నాలుగైదు బటన్లు. అలవాటైతే చీకట్లో వేళ్లతో తడుముతూ కొన్ని సెకన్లలో తెరవొచ్చు. దాన్ని మంచం చట్రానికో గోడలోని చెక్కకో బోల్టులేసి బిగించాలి, లేకపోతే దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. కోడ్ విషయంలో మన ఇళ్లల్లో ఒక జబ్బుంది. గ్యారేజీకీ, ఐప్యాడ్‌కీ, అలారానికీ అన్నిటికీ ఒకటే నంబరు: పెళ్లిరోజు, లేదా పెద్దోడి పుట్టినరోజు, లేదా కలిపితే తొమ్మిది వచ్చే కారు నంబరు. ఐప్యాడ్ తెరిచే పిల్లాడికి మీ సేఫ్ ఒక లెక్కా? ఎక్కడా వాడని నంబరు పెట్టమనండి.

వేలిముద్రతో తెరుచుకునేది కొంటానంటే, కొనండి కానీ తెచ్చిన రోజే మీ వేలితో, మీవారి వేలితో, మీ ఇంటికొచ్చిన ఎవరైనా పెద్దవాళ్ల వేలితో నొక్కించి చూడండి. 2023 అక్టోబరులో అలాంటి సేఫ్‌లు 61,000 దాకా వెనక్కి తీసుకున్నారు. కొన్నవాళ్లు తమ వేలిముద్ర ఎక్కిందనుకున్నారు. నిజానికి ఎక్కలేదు, ఎవరు వేలు పెట్టినా తెరుచుకునే స్థితిలోనే అవి ఉండిపోయాయి. వాటివల్ల పన్నెండేళ్ల పిల్లాడు ఒకడు ప్రాణం పోగొట్టుకున్నాడని కోర్టులో కేసు కూడా పడింది.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పేది దీనికన్నా కఠినంగా ఉంటుంది. గన్‌లో తూటా ఉండకూడదు. గన్‌కి తాళం వెయ్యాలి. తూటాలు వేరే చోట, వేరే తాళం కింద ఉండాలి. నా సలహా కూడా అదే. మీవారు ససేమిరా అంటే లాక్‌బాక్స్ దగ్గర బేరం తెగనివ్వండి. అంతకన్నా కిందికి మాత్రం దిగొద్దు.

తూటాలు తీసేశాను అని నాతో చెప్పే తండ్రుల్ని, ఎలా తీశారని ఎదురడుగుతాను. చాలామంది మ్యాగజైన్ (పిడిలోకి దూర్చే తూటాల అర) లాగేసి పక్కన పెడతారు, అంతే. ఛాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో తూటా పేలే చోట, ఒకటి ఉండిపోయి ఉండొచ్చు. "ఖాళీ అనుకున్నాం" అనే ప్రమాదాల్లో ఎన్నో జరిగేది ఆ ఒక్కదానితోనే. మ్యాగజైన్ తీశాక స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి పట్టి, ఛాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెనవేలు పెట్టి తడమాలి. ఇదంతా గొట్టం మనుషులు లేని వైపుకి ఉంచి, పిల్లలు వేరే గదిలో ఉన్నప్పుడు చెయ్యాల్సిన పని.

ఇంకొకటి. పిస్టల్ వచ్చిన డబ్బాలో మీవారు చూడకుండా పక్కన పడేసిన వస్తువు ఒకటి ఉండే ఉంటుంది: ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు కేబుల్, దానికో చిన్న తాళం. షాపువాళ్లు పిస్టల్‌తోపాటు తాళమో సేఫో ఇచ్చితీరాలని ఫెడరల్ చట్టం ఉంది, 2005లో వచ్చింది. వాడడం కష్టం కాదు. మ్యాగజైన్ తీసి, స్లయిడ్ వెనక్కి ఆపి, పేలిన తూటా గుల్ల బయటికి ఎగిరే రంధ్రంలోంచి కేబుల్ దూర్చి, పిడి అడుగునుంచి బయటికి తీసి తాళం వెయ్యాలి. ఇక స్లయిడ్ మూసుకోదు, గన్ పేలదు. పారేసి ఉంటే, ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అనే గన్ జాగ్రత్తల కార్యక్రమం కింద చాలా ఊళ్ల పోలీసులు ఊరికే ఇస్తారు. అడగడానికి మొహమాటపడక్కర్లేదు, వాళ్లేమీ ఆరా తియ్యరు.

మీవారికి చట్టం భాషే ఎక్కుతుందంటే అదీ చెప్పండి. టెక్సాస్‌లో తూటా ఉన్న గన్‌ని నిర్లక్ష్యంగా వదిలేసి అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందితే, పేలకపోయినా నేరమే. పేలి ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా ఏడాది దాకా జైలు. మిషిగన్‌లో కోర్టు ఇంకా దూరం వెళ్లింది. 2021 నవంబరులో ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో పదిహేనేళ్ల కుర్రాడు నలుగురు విద్యార్థుల్ని కాల్చి చంపాడు. గన్ తండ్రి కొన్నదే. 2024లో తల్లికీ తండ్రికీ కూడా పదేళ్ల నుంచి పదిహేనేళ్ల జైలుశిక్ష పడింది.

ప్రశ్న: మా ఇంట్లో గన్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. కానీ అయిదేళ్ల మా అమ్మాయికి ఏదో ఒకటి చెప్పాలి కదా. ఏం చెప్పాలి? భయపెట్టాలా? పైగా మా మామగారు దీపావళికి ఇండియా నుంచి రీళ్ల తుపాకీ తెచ్చారు. రోజంతా దానితోనే ఆట.
— ఒక తల్లి, శాన్ హోసే

జవాబు: భయపెట్టొద్దు. భయపెట్టిన వస్తువు మీద పిల్లలకి మోజు పెరుగుతుంది. నాలుగు మాటలు చాలు: ఆగు. ముట్టుకోకు. అక్కణ్ణుంచి వచ్చెయ్. పెద్దవాళ్లకి చెప్పు. గన్ యజమానుల సంఘమైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వాళ్లు 1988లో ఎడ్డీ ఈగిల్ అనే గద్ద బొమ్మతో మొదలుపెట్టిన పాఠం ఇది. వాళ్ల రాజకీయాలు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా ఈ నాలుగు మాటల్లో తప్పు లేదు.

తప్పు ఎక్కడొస్తుందంటే, మాటలు వచ్చేస్తే పని అయిపోయిందనుకోవడంలో. నాలుగైదేళ్ల పిల్లల మీద 2004లో వచ్చిన ఒక పరిశోధనలో, పాఠం విన్న పిల్లలు నాలుగు మాటలూ గడగడా అప్పజెప్పారు. నిజంగా గన్ కంటపడినప్పుడు మాత్రం అలా చెయ్యలేదు. చేసి చూపించి, మళ్లీ మళ్లీ చేయించి, ఆ చోటనే సరిదిద్దితే కొంత ఫలితం కనిపించింది. మన శ్లోకాల పోటీలకి పంపే తల్లులకి ఇది చెప్పక్కర్లేదు. అప్పజెప్పడం వేరు, ఆచరించడం వేరు.

కాబట్టి చేయించండి. మామగారు తెచ్చిన రీళ్ల తుపాకీ ఇందుకు పనికొస్తుంది, అయితే ఇకనుంచి అది ఆటవస్తువు కాదని ముందే చెప్పాలి. సోఫా మీద పెట్టి, అమ్మాయిని గదిలోకి పంపండి. చూడగానే ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుని, బయటికొచ్చి మీకు చెప్పాలి. చెప్పగానే మీరు చెయ్యాల్సింది ఒకటే: చేస్తున్న పని వదిలేసి "మంచి పని చేశావు తల్లీ" అని వెంటనే వెళ్లడం. "ఆ గదిలోకి ఎందుకెళ్లావ్?" అని గద్దించారో, ఇంకెప్పుడూ మీకు చెప్పదు. పిల్లలు నిజం దాచడం మన కోపం చూసే నేర్చుకుంటారు.

బొమ్మ తుపాకులు పూర్తిగా మాన్పించాలా అంటే, మా ఇంట్లో మాన్పించలేదు. కానీ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. అట్లాంటా పిల్లల్లో పిస్టల్ దొరికినవాళ్లలో దాదాపు సగం మందికి అది అసలుదో బొమ్మో తెలియలేదు. ఆ అబ్బాయిలు మీ అమ్మాయికన్నా పెద్దవాళ్లు. "ఇది బొమ్మ, అది నిజంది" అని తేడా నేర్పే ప్రయత్నం వద్దు. వేరేవాళ్ల ఇంట్లో, పార్కులో, కారులో ఏ తుపాకీ కనిపించినా నిజందే అనుకుని పెద్దవాళ్లని పిలవాలి.

వేటకి వెళ్లే కుటుంబాల పిల్లలకి, పదకొండు పన్నెండేళ్లు దాటినవాళ్లకి పాఠం వేరు. గొట్టం ఎప్పుడూ ఎవరివైపూ ఉండకూడదు, కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, ప్రతి గన్‌లోనూ తూటా ఉందనే అనుకోవాలి. అది నాన్న యూట్యూబ్ చూసి నేర్పే చదువు కాదు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. తొమ్మిదేళ్లు నిండితే పిల్లలకీ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ కోర్సు చేసిన పిల్లాడు ఉన్న ఇంట్లో కూడా బీరువాకి తాళం ఉండాల్సిందే.

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితుడు వాళ్లింటికి ఆడుకోవడానికి రమ్మన్నాడు. అమెరికన్ కుటుంబం, చాలా మంచివాళ్లు. వాళ్లింట్లో గన్ ఉందేమోనని మా ఆవిడ భయం. అడిగితే అవమానించినట్టు ఉంటుందని నేనంటాను. ఎలా అడగాలి?
— ఒక తండ్రి, జాన్స్ క్రీక్, జార్జియా

జవాబు: మీ ఆవిడ చెప్పినట్టు వినండి.

అడిగితే ఏమనుకుంటారో అని మీకు బెంగ. అడిగించుకునేవాళ్ల సంగతి నాకు తెలుసు, ఎందుకంటే వాళ్లూ నా క్లినిక్‌కే వస్తారు. జాగ్రత్తగా తాళం వేసుకునే గన్ యజమానికి ఈ ప్రశ్న అంటే కోపం రాదు. చాలామంది సేఫ్ చూపిస్తానని కూడా అంటారు. మండిపడేవాడి ఇంటికి పిల్లాణ్ణి పంపకపోతే పోయేదేముంది?

ఎదురుగా అడగడానికి మొహమాటమైతే మెసేజ్ పెట్టండి. అన్నీ కలిపి అడిగితే గన్ ఒక్కటే ఎత్తిచూపినట్టు ఉండదు. "మా వాడికి పల్లీలు పడవు. మీ ఇంట్లో కుక్క ఉందా, వాడికి కాస్త భయం. ఆడుకునేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఉంటారా? గన్ ఏమైనా ఉంటే తాళం వేసి ఉందా?" పల్లీల ఎలర్జీ లేకపోతే అది తీసెయ్యండి, అబద్ధం వద్దు. ఆఖరి ప్రశ్నలో "గన్ ఉందా" అనే కన్నా "తాళం వేసి ఉందా" అనడమే మేలు. మీకు తెలియాల్సింది కూడా అదే. ఈ ప్రశ్న అడగడం అలవాటు చెయ్యాలని ఇక్కడ ఏటా జూన్ 21న ఒక రోజే పెట్టుకున్నారు. వేసవి సెలవుల్లో పిల్లలు ఒకరిళ్లల్లో ఒకరు ఎక్కువగా ఉంటారు కాబట్టి ఆ తేదీ.

అవతలివాళ్లు "లేదు" అంటే నమ్మండి. "ఉంది కానీ పిల్లలకి అందదు" అంటే అది జవాబు కాదు, "మరైతే ఈసారి మా ఇంట్లో ఆడుకోనిద్దాం, పిజ్జా తెప్పిస్తాను" అనండి.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట ఒకటుంది, "అమెరికన్ కుటుంబం" అని. మన తెలుగువాళ్ల ఇళ్లకి పంపేటప్పుడు ఎప్పుడైనా అడిగారా? పాట్‌లక్‌కి నలభైమంది చేరతారు. పెద్దలంతా కింద పేకాటలోనో, కర్రీ పాయింటు కబుర్లలోనో ఉంటారు. పిల్లలు పదిమంది మేడ మీద, తలుపులన్నీ తీసుకుంటూ తిరుగుతుంటారు. పైన చెప్పిన పట్టుచీరల అర ఆ మేడ మీదే ఉంటుంది.

ప్రశ్న: మా పెద్దబ్బాయికి పదహారు. మార్కులు పడిపోయాయి, గది తలుపు వేసుకుని కూర్చుంటున్నాడు, భోజనానికి కూడా పిలిస్తే గానీ రాడు. మావారి రైఫిల్ సేఫ్‌లోనే ఉంది, కానీ కోడ్ వాడికి తెలుసు, షూటింగ్ రేంజ్‌కి ఇద్దరూ కలిసి వెళ్లేవారు. మావాడు అలాంటివాడు కాదు. అయినా అడుగుతున్నాను.
— ఒక తల్లి, కొలంబస్, ఒహాయో

జవాబు: అమ్మా, ఈ పేజీ మూసేసి ముందు ఆ రైఫిల్‌నీ తూటాల్నీ ఇంట్లోంచి పంపించే ఏర్పాటు చెయ్యండి. ఈరోజే. కోడ్ మార్చడం ఈ రాత్రికి సరిపోతుంది, ఆ తర్వాత సరిపోదు. నమ్మకమైన బంధువుల దగ్గర, లేదా నిల్వకి తీసుకునే గన్ షాపులో కొన్ని నెలలు ఉంచొచ్చు. కొన్ని ఊళ్లల్లో పోలీసులు కూడా తీసుకుంటారు. నియమాలు రాష్ట్రాన్నిబట్టి మారతాయి కాబట్టి తీసుకెళ్లే ముందు ఫోన్ చెయ్యండి. మోసుకెళ్లేది మీవారు, పిల్లాడు కాదు.

మీవాడు అలాంటివాడని నేను అనడంలేదు. అమెరికాలో గన్ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఆ ఆలోచన చాలామంది పిల్లల్లో తుఫానులా వచ్చి పోతుంది. ఆ గంట దాటించగలిగితే, తర్వాత అత్యధికులు మామూలుగా బతుకుతారు. చేతికి గన్ అందితే మాత్రం వెనక్కి తిరిగే వీలు దాదాపు ఉండదు. అందుకే తీసెయ్యమంటున్నాను. వాడి మీద అనుమానంతో చేస్తున్నట్టు దాచొద్దు, "నువ్వు బాగోలేవని నాకనిపిస్తోంది, బాగయ్యేదాకా ఇది ఇంట్లో వద్దనుకున్నాం" అని చెప్పండి.

తర్వాత అడగండి, సూటిగా: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా నాన్నా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది మన పెద్దల భయం, అది నిజం కాదు. అవునన్నా, మౌనంగా ఉన్నా, వాణ్ణి ఒంటరిగా వదలకుండా 988కి, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకి సాయం చేసే లైనుకి, ఫోన్ చెయ్యండి. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తల్లిదండ్రులు కూడా చెయ్యొచ్చు. ప్రమాదం కళ్లముందే ఉంటే 911. లేదన్నా సరే, ఈ వారంలోనే వాడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మార్కుల సంగతి, కాలేజీ అప్లికేషన్ల సంగతి ఇప్పుడు ఎత్తొద్దు. "నలుగురికీ తెలిస్తే" అనే మాట మీ ఇంట్లో ఎవరు ఎత్తినా నా పేరు చెప్పి ఆపెయ్యండి.

ప్రశ్న: దసరాకి ఆయుధపూజలో మా బావగారి పిస్టల్ పెడదామంటున్నారు. పిల్లలతో బొట్టు పెట్టించి ఫొటో తీయాలట. తప్పా?
— పేరు వద్దు, హ్యూస్టన్

జవాబు: మన ఊళ్లల్లో పోలీస్ స్టేషన్లలో కూడా ఆయుధపూజ చేస్తారు, పూజ తప్పెలా అవుతుంది? పిల్లల చేతులు దాని మీద పడకూడదు, అంతే. ఏడాదంతా "ముట్టుకోకు" అని చెప్పి దసరానాడు పట్టుకుని ఫొటో దిగమంటే వాళ్లు ఏది నమ్మాలి? పిస్టల్‌ని ఖాళీ చేసి, తాళం వేసిన లాక్‌బాక్స్‌లోనే ఉంచి, ఆ పెట్టెకి పసుపు కుంకుమ పెట్టించండి. అమ్మవారికి లోపల ఏముందో తెలుసు.

ప్రశ్న: మా నాన్నగారు పోయి ఏడాది కావొస్తోంది. కడప జిల్లాలో మా ఊళ్లో ఆయన లైసెన్సు డబుల్ బ్యారల్ తుపాకీ ఇంకా అమ్మ దగ్గర బీరువాలో ఉంది. వేసవికి మేం పిల్లలతో వెళ్తున్నాం. తూటాలు ఎక్కడున్నాయో అమ్మకే సరిగ్గా తెలియదు. ఏం చెయ్యాలి?
— ఒక కొడుకు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మాదీ రాయచోటి వైపే. బుడ్డల చేలమీద అడవిపందులు పడకుండా మా అబ్బకి ఇలాంటిదే ఒక తుపాకీ ఉండేది. నడవలో చిలక్కొయ్యకి వేలాడేది, మేం నోరు తెరుచుకుని చూసేవాళ్లం. తూటాలు మాత్రం ట్రంకుపెట్టెలో ఉండేవి, దాని తాళం మా జేజి నడుముకున్న గుత్తిలో. జేజి నిద్రపోయేటప్పుడు కూడా ఆ గుత్తి తియ్యదు. గన్ ఒకచోట, తూటాలు వేరే తాళం కింద అని ఇక్కడి డాక్టర్లు ఇప్పుడు చెప్పేదాంట్లో సగం ఆవిడ ఎవరూ చెప్పకుండానే చేసింది. మిగతా సగం, తుపాకీకి తాళం, మా ఇంట్లోనూ లేదు.

మీ విషయంలో పిల్లల జాగ్రత్తకన్నా ముందు చట్టం ఉంది. లైసెన్సు మనిషికిచ్చేది, ఆస్తిలాగా వారసులకి రాదు. ఆయన పోయాక తుపాకీ ఇంట్లో ఉండడం మీ అమ్మగారికి ఇబ్బంది. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాన్ని ఆలస్యం చెయ్యకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఎన్నికలప్పుడు నాన్నగారు స్టేషన్లో అప్పగించి వచ్చేవారు గుర్తుందా, అలాగే. ఆవిడ దాన్ని గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కకుండా చూడండి. ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి, లైసెన్సు పుస్తకం ఉందని చెప్పి, ఎలా తెమ్మంటారో అడగండి. దొరికిన తూటాలన్నీ దాంతోపాటే ఇచ్చెయ్యాలి. పాతబడ్డాయి కదా అని పొయ్యిలోనో చెత్తకుప్పలోనో వెయ్యకూడదు.

ఊళ్లో ఉండే అన్నదమ్ములెవరైనా ఉంచుకుంటామంటే వారసుడిగా లైసెన్సుకి దరఖాస్తు చేసుకోవచ్చు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే, మూడు కాదు. ఎవరికీ అక్కర్లేకపోతే లైసెన్సున్నవాళ్లకి అమ్మెయ్యొచ్చు. ఇదంతా మీరు టికెట్లు కొనేలోపే అయిపోవాలి. కాకపోతే మీరు దిగాక మొదటి పని, పిల్లల్ని ఆ గదిలోకి వదలకుండా బీరువా తెరిచి తూటాలు వెతకడం.

ప్రశ్న: నేను హెచ్-1బి మీద ఉన్నాను. మా ఆవిడ సిటిజన్. ఆవిడ పేరు మీద పిస్టల్ కొంటే నేను వాడొచ్చా?
— ఆస్టిన్

జవాబు: వద్దు తమ్ముడూ. తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు గన్ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. శిక్ష పదిహేనేళ్ల దాకా ఉంటుంది, వీసా సంగతి చెప్పనే అక్కర్లేదు. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉన్న మాట నిజమే, అది మీకు వర్తిస్తుందో లేదో ఇమ్మిగ్రేషన్ లాయరు చెప్పాలి, ఆఫీసులో ఫ్రెండు కాదు. ఆవిడ తనకోసం కొనుక్కుంటే లాక్‌బాక్స్ కోడ్ ఆవిడ ఒక్కరికే తెలియాలి. విజిటర్ వీసా మీద వచ్చే మీ అమ్మానాన్నలకీ ఇదే వర్తిస్తుంది. షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చడం కూడా ఇందులోకే వస్తుంది. కాబట్టి మీ టీమ్ ఈసారి అవుటింగ్‌కి రేంజ్ అంటే, బౌలింగ్‌కి ఓటెయ్యండి.